ఒస్తానత్తా

ఎవరింటి నుంచైనా బయల్దేరేటప్పుడు "వెళ్తున్నాను" అనకూడదు, "వస్తాను" అనాలి. బడి మొహం చూడనివాడికి కూడా తెలిసిన మర్యాద ఇది. వెళ్తానన్నవాడు మళ్ళీ రాడేమోనని మనవాళ్ళ భయం. అందుకే పోతూ పోతూ కూడా వస్తామనే అంటాం. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అన్నట్టు, ఆ ఊళ్ళో చినబాబు ఒక్కడే ఆ మాట అనడు. పెళ్ళిభోజనం చేసి, చెయ్యి కడుక్కుని, పెళ్ళికూతురి తల్లి ఎదురుగా నిలబడి "ఎల్తన్నానమ్మా" అంటాడు. పచ్చటి పందిట్లో ఆ మాట విని ఆవిడ మొహం మాడిపోతుంది. పెద్దవాళ్ళు మొదట్లో తిట్టారు. తర్వాత వాడి నోరే అంత అని సరిపెట్టుకున్నారు. ఇరవై ఏడేళ్ళయ్యేసరికి అందరికీ అలవాటైపోయింది. ఎందుకంటున్నావురా అలా అని మాత్రం ఒక్కరూ అడగలేదు. అడిగినా చెప్పేవాడు కాదనుకోండి.

చినబాబుకి యాభై ఆరేళ్ళు. పేరు మాత్రం ఇంకా చినబాబే. భోగాపురానికి సముద్రం వైపున్న ఆ పల్లెలో రెండెకరాల వరి, ఇసకనేలలో కాస్త వేరుశనగ. మిగతా రైతులకూ ఇతనికీ తేడా ఒక్కటే. ఏడాదికి పదిసార్లో పన్నెండుసార్లో గుడి పండక్కో, బడి వార్షికోత్సవానికో, ఏదో ఒక ఊరి వాళ్ళు పిలుస్తారు. ఇతను ఒక సంచిలో తెల్లచీర, ఒక ఇత్తడి చెంబు, ఒక ముక్కాలిపీట పెట్టుకుని వెళ్తాడు. స్టేజీ మీద ఒక్కడే యాభై నిమిషాలు ఉంటాడు. ఆ ఏకపాత్ర పేరు "శొంఠికొమ్ము". నా అన్నవాళ్ళు లేని మనిషిని ఒంటికాయ శొంఠికొమ్ము అంటాం కదా, అందులోంచి తీసుకున్నాడు.

ఆ శొంఠికొమ్ము అతని మేనత్త తాయారు. పదహారేళ్ళకే మొగుణ్ణి పోగొట్టుకుని అన్నగారింటికి చేరింది. అన్నగారి భార్య పురిట్లో పోతే ఆ పసిగుడ్డుని తన పొత్తిళ్ళలోకి తీసుకుంది. ఆ గుడ్డే చినబాబు. తండ్రి మారుమనువు చేసుకుని వేరే ఊరు వెళ్ళిపోయాడు. అత్తే తల్లి, అత్తే తండ్రి, కోపం వస్తే అత్తే పోలీసు. స్టేజీ మీద చినబాబు చీర భుజమ్మీద వేసుకుని పీట మీద కూర్చున్నాడంటే ఇక చినబాబు ఉండడు. తాయారు కోళ్ళని తిడుతుంది. పక్కింటి కూర్మమ్మతో గోడ మీంచి దెబ్బలాడుతుంది. చోడి అంబలి, అంటే రాగిజావ, తాగమని మేనల్లుణ్ణి బతిమాలి, తాగకపోతే చీపురు తీస్తుంది. నాటకాలని తిరుగుతున్నాడని ఊరందరి దగ్గరా గోల పెట్టి, వాడు స్టేజీ ఎక్కిన రోజున అందరికంటే ముందెళ్ళి చాప వేసుకుంటుంది. జనం పడీపడీ నవ్వుతారు. చివర్లో ముసలామెకి జ్వరం వస్తుంది. నేల మీద పడుకుని, ఎడమపక్క తెరవైపు చూసి, మొహం వెలిగిపోగా "ఒచ్చినావురా సినబాబూ" అంటుంది. దోసిలి పడుతుంది. మూడు గుటకలు తాగుతుంది. చెయ్యి వాలిపోతుంది. ఆ తర్వాత కాసేపటిదాకా చప్పట్లు కూడా వినపడవు. ముక్కులు చీదుకునే చప్పుడే.

ఎడమపక్క తెర దగ్గర ఎవరూ ఉండరు. చెంబులో నీళ్ళు కూడా ఉండవు. ఏకపాత్రలో ఉన్న సుఖమే అది. ఎదుటిమనిషిని చూసేవాళ్ళే నింపుకుంటారు. చినబాబు ఆ సుఖం మీదే ఇన్నేళ్ళు బతికాడు. ఊరు ఆటని ఆటగానే చూసింది. ఆ సంగతి మనసులో పెట్టుకున్నవాళ్ళు ఇద్దరే ఇద్దరు. ఒకరు అతను, రెండోది కూర్మమ్మ.

కూర్మమ్మ మొట్టమొదటి ప్రదర్శన చూసింది. ఊరి బడి ముందు వేసినప్పుడు, ముందువరసలో కూర్చుని, తన దెబ్బలాటలకి తనే నవ్వుకుంది. చివర్లో అత్త దోసిలి పట్టగానే లేచి వెళ్ళిపోయింది. మళ్ళీ ఎప్పుడూ ఆ ఆట చూడటానికి రాలేదు. అబద్ధమాడానని అసహ్యించుకుందని చినబాబుకి అర్థమైపోయింది. పక్కపక్క ఇళ్ళే అయినా ఆమె కళ్ళలోకి సూటిగా చూడటం మానేశాడు.

ఈ ఏడాది ఆషాఢంలో యమున వచ్చింది. సాలూరు పిల్ల. ముప్ఫై నాలుగేళ్ళుంటాయి. హైదరాబాదులో సినిమావాళ్ళ దగ్గర పదేళ్ళు పనిచేసి, ఇప్పుడు తనే ఒక సినిమా తీద్దామని బయల్దేరింది. వచ్చి కూర్చున్న ఐదు నిమిషాలకే విషయం చెప్పేసింది.

"బాబాయ్, మీ శొంఠికొమ్ముని సినిమా తీస్తాను. తాయారు మీరే. వేరే ఎవరూ వద్దు."

"నా మొకాన్ని అంత పెద్ద తెర మీద ఎవులు సూస్తారమ్మా?"

"నేను చూస్తాను. నేను పదేళ్ళప్పుడు సాలూరు బడిలో చూశాను మీ ఆట. అప్పటికి మా నాన్న పోయి నెలయ్యింది." అంది ఆ అమ్మాయి. "లారీ డ్రైవరు. లోడు తీసుకుని ఛత్తీస్‌గఢ్ వెళ్తూ ఘాట్‌లో పడిపోయాడు. మర్నాటిదాకా ఎవరూ చూడలేదట. అమ్మ అదే మాట అని ఏడ్చేది. గొంతులో చుక్క నీళ్ళు పోసే దిక్కు లేకపోయిందని. ఆ రోజు మీరు అలా పక్కకి చూసి నీళ్ళు తాగారు చూడండి, నాకు మా నాన్న తాగినట్టే అనిపించింది. ఇంటికెళ్ళి అమ్మకి చెప్పాను. ఎవరో ఒకరు వచ్చే ఉంటారమ్మా, మనకి కనబడలేదంతే అని."

చినబాబు వక్క కొరుకుతున్నవాడల్లా ఆగిపోయాడు. కాదనడానికి అతని దగ్గర చాలా కారణాలున్నాయి. ఊడ్పులు దగ్గరపడ్డాయి, వయసైంది, కెమెరా అంటే భయం. ఆ పిల్ల మొహం చూశాక అవన్నీ పక్కనపెట్టి సరేనన్నాడు.

షూటింగు నాలుగు రోజులు. అత్త ఉన్న పెంకుటింట్లోనే. చినబాబు అదే పెరట్లో వేరే ఇల్లు కట్టుకున్నాక, పాతదాన్ని గడ్డి దాచుకోడానికి వాడుకుంటున్నాడు. గడ్డి తీసి, పేడతో అలికి, గోడకి సున్నం కొడితే ఇల్లు మళ్ళీ అత్త ఉన్నప్పటిలా తయారైంది. వచ్చినవాళ్ళు యమునతో కలిపి ఐదుగురే. కెమెరా పట్టినవాడు నవీన్. మంచివాడే కానీ, "ఇంకోటి చేద్దాం సార్" అన్న మాట తప్ప ఇంకోటి రాదు.

మొదటిరోజు చినబాబు కోళ్ళని తిడితే ఊరవతల కోళ్ళు కూడా పారిపోయాయి. ముప్ఫై ఏళ్ళుగా వెనకవరసలో చెవిటి ముసలాడికి కూడా వినపడేలా మాట్లాడిన గొంతది. "అరవక్కర్లేదు బాబాయ్, మైకు మీ జాకెట్‌లోనే ఉంది" అంది యమున. గొంతు దించితే ఒళ్ళంతా దిగాలుపడిపోయినట్టు ఉండేది. చూడవచ్చిన ఊరివాళ్ళని గోడవతలే నిలబెట్టి నోరెత్తొద్దన్నారు. నవ్వేవాడు లేడు, ముక్కు చీదేవాడు లేడు. గోడకి చెప్పుకున్నట్టుంది. పైగా విమానాశ్రయానికి కంకర తోలే లారీలు రోడ్డు మీద గంటకి ఇరవై. లారీ చప్పుడు వినపడినప్పుడల్లా ఆపాలి. తాయారు జ్వరంతో మూలుగుతూ, లారీ పోయేదాకా మూలుగు బిగబట్టి కూర్చునేది.

కానీ రెండోరోజుకి దారిలో పడ్డాడు. కెమెరా దగ్గరగా వచ్చేసరికి, స్టేజీ మీద ఎప్పుడూ చెయ్యని చిన్న చిన్న పనులు అతని చేతులకి వాటంతటవే గుర్తొచ్చాయి. అత్త అంబలి కలిపేటప్పుడు బొటనవేలు గిన్నె అంచుకి రాసేది. కొంగు చివర ముడి విప్పేటప్పుడు పళ్ళతో పట్టుకునేది. నవీన్ కెమెరా వెనకనుంచి మొహం బయటికి పెట్టి మొదటిసారి "ఇది చాలు సార్" అన్నాడు. అందరూ సంతోషించారు, ఒక్క చినబాబు తప్ప. నాలుగోరోజు రాబోయేది అతనికి తెలుసు.

మూడోరోజు సాయంత్రం యమున కాగితాలు తీసుకొచ్చి పక్కన కూర్చుంది.

"రేపు ఆఖరి సీను. స్టేజీ మీద పక్కకి చూస్తే సరిపోయేది. సినిమాలో ఆవిడ చూసినవైపు మనం కూడా చూపించాలి. లేకపోతే ముసలమ్మ జ్వరంలో పలవరించిందనుకుంటారు. మేనల్లుడు రావాలి."

"ఎవులు సేస్తారు?"

"మీరే. మొహం వద్దు. కాళ్ళు చాలు. గడప దాటి లోపలికి వచ్చే కాళ్ళు, చెంబు పట్టుకున్న చెయ్యి. అంతే. అత్తా మీరే, అల్లుడూ మీరే. సోలో సోలోగానే ఉంటుంది."

చెప్పుకోడానికి ఎంత సులువైన పని! గడప అవతల నిలబడి, చెంబు పట్టుకుని, కుడికాలు లోపల పెట్టడం. పశువులకి గడ్డి తియ్యడానికి ఆ గడపని ఆ కాలు వేలసార్లు దాటింది.

మర్నాడు పొద్దున్న మొదటి టేక్‌లో చినబాబు గడప దాకా వచ్చి ఆగిపోయాడు. గడప ఎత్తుగా ఉందన్నాడు. రెండోసారి కాలు జారుతోందన్నాడు. మూడోసారి లైటు కళ్ళలో పడుతోందన్నాడు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు ఒక్కో టేక్‌కి ఒక్కో వంక. "ఇంకోటి చేద్దాం సార్" అంటున్న నవీన్ గొంతు కూడా మెత్తబడింది. ఆరోసారి చినబాబు కాలు ఎత్తాడు. మళ్ళీ అవతలే దింపి, చెంబు అరుగు మీద పెట్టేసి, తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.

యమున అందరినీ టీ తాగి రమ్మని పంపేసింది. వాళ్ళు వెళ్ళాక అరుగు మీద అతని పక్కన కూర్చుంది.

"ఏమైంది బాబాయ్?"

"నా వల్ల అవదమ్మా."

"కాలు పెట్టడమేగా."

"ఆ కాలే పెట్టనేదమ్మా నాను. ఆ రోజు పెట్టనేదు." అతని గొంతులో స్టేజీ మీది బలం లేదు. "అది నిజం కాదు. నాను కట్టింది. నాను రానేదు. మా యత్త నాను లేకుండానే పోనాది."

ముప్ఫై నాలుగేళ్ళ మనిషి మొహంలోంచి పదేళ్ళ పిల్ల బయటికి చూసింది. "అంటే... ఎవరూ రాలేదా?" అంది.

ఆ ప్రశ్న విన్నాక ఇక దాచడం అతని చేత కాలేదు. ఇరవై ఏడేళ్ళ కిందట, చినబాబుకి ఇరవై తొమ్మిది. భార్య పురిటికి పుట్టింటికి వెళ్ళింది. సాలూరులో నాటకాల పోటీలు. ట్రూపులో ఆడవేషం కట్టేవాడు ఇతనొక్కడే, వెళ్ళకపోతే నాటకం లేదు. అత్తకి మూడు రోజులుగా జ్వరం. ఇదే అరుగు మీద దుప్పటి కప్పుకుని కూర్చుంది. రోడ్డు మీద వ్యాను హారన్ కొడుతోంది. మేకప్ పెట్టె నెత్తిన పెట్టుకుని ఇతను గడప దాటాడు. వెనకనుంచి అత్త అడిగింది, "రేతిరికి ఒస్తావేట్రా?" అని.

"ఒస్తానత్తా అన్నాను" అన్నాడు చినబాబు. "ఆ మాట అందరం అంటాం గదా. బయల్దేరినోడు అనే మాటే. నాను ఎల్లొస్తానని అన్నాను, మా యత్త రేతిరికి ఒస్తానన్నానని అనుకున్నాది. ఇన్నేళ్ళూ నాకు నాను అలగే సెప్పుకున్నాను. పొరపాటు, మాట పొరపాటు అని."

యమున ఏదో అనబోయింది. అతను చెయ్యి అడ్డం పెట్టాడు.

"కాదు. నాను ఇన్నాను. రేతిరికా అని అడగడం ఇన్నాను. రాననీ తెలుసు. ఆట అయ్యేసరికి తెల్లారిపోతాది, బహుమతులు మర్నాడు. రానంటే ఏడుస్తాది, ఎల్లనివ్వదు. అందుకని ఆ మాట వాడినాను. ఎటు తిప్పితే అటు తిరిగే మాట గదా అది. అబద్దం ఆడినట్టూ ఉండదు. తెలిసి ఆడినానమ్మా. ఆవిడ మాత్రం తలుపు గెడియ ఎయ్యనివ్వనేదట. రేతిరి జొరం ఎక్కువైపోతే రిక్షా తెచ్చి ఆస్పత్రికి తీసుకెల్తామన్నారట. మా వోడు ఒస్తానన్నాడు, తాళం సూసి కంగారు పడతాడు, రానని మొండికేసినాదట. కూర్మమ్మ పిన్ని సెప్పినాది. నాను మర్నాడు మద్యాన్నం ఒచ్చినాను. సంకలో సీల్డు. ఉత్తమ నటుడినని."

అందుకే "వస్తాను" అనడం మానేశాడు. అందుకే ఆ ఆట కట్టాడు. అందులో తను రాకపోయినా అత్త చూపుల్లో వచ్చేవాడు. వచ్చినట్టు ఆవిడ చెబుతుంది గానీ తను ఎక్కడా చెప్పడు. ఊరూరా అలా ఆవిడ చేతే చెప్పించుకున్నాడు. ఇవాళ సినిమా వచ్చి, ఆ కాళ్ళేవీ, చూపించు అంది.

"నీకు కూడా అబద్దమే సూపించినాను, తల్లీ. మీ నాన్న ఇసయంలో. సెమించు" అన్నాడు.

యమున కళ్ళు తుడుచుకోలేదు, కోప్పడలేదు. చేతిలో కాగితాలు మడిచి ఒళ్ళో పెట్టుకుంది. ఆమె సినిమాకి ఆఖరి పేజీ లేదిప్పుడు. అంతకంటే పెద్దది, ఇరవై నాలుగేళ్ళుగా తన దగ్గరున్న చెంబెడు నీళ్ళు కూడా లేవు.

"సినబాబూ."

పక్కింటి అరుగు మీదనుంచి కూర్మమ్మ. ఎనభై రెండేళ్ళు. నాలుగు రోజులుగా షూటింగు ఊరందరూ వచ్చి చూశారు గానీ ఆవిడ తన అరుగు దిగలేదు. ఆ రెండరుగుల మధ్యా ఉన్నది మోకాలెత్తు గోడ. ఒకప్పుడు తాయారూ కూర్మమ్మా దెబ్బలాడుకున్న గోడ. చెవులు మాత్రం ఈనాటికీ శుభ్రంగా పనిచేస్తాయి. కర్ర పట్టుకుని చుట్టూ తిరిగి వచ్చి ఎదురుగా నిలబడింది.

"నువ్వు సెప్పిందంతా నాను ఇన్నాను. మరి నీకెవులూ సెప్పనేదేట్రా?"

"ఏటి సెప్పాల పిన్నీ?"

"ఆ నీళ్ళ సంగతి."

చినబాబు అర్థంకాక చూశాడు. కూర్మమ్మ కర్ర గోడకి ఆనించి అరుగు మీద చతికిలబడింది. చెప్పడానికి ఊపిరి కూడదీసుకోవలసి వచ్చింది.

"ఆ రేతిరి అందరూ ఎల్లిపోనారు. నానొక్కదాన్నే ఉండిపోనాను. తెల్లారగట్ల నీళ్ళడిగినాది. దొడ్లోకెళ్ళి సెంబుతో తెచ్చి, ఇదిగో, ఈ గడపే దాటినాను. లాంతరు నా ఎనకాల ఉన్నాది. నా మొకం అగపడ్నేదు గావాల. నన్ను సూసి, 'ఒచ్చినావురా సినబాబూ' అన్నాది."

చినబాబు చేతిలో తువ్వాలు జారిపోయింది.

"కాదప్పా, నాను కూర్మమ్మని అందామనుకున్నాను. మాట బయటికి రానేదు. ఆ మొకం సూసి ఎవులు అనగల్రా ఆ మాట? 'ఒచ్చినానత్తా' అనేసినాను. జన్మంతా అప్పా అనే పిలిసినాను ఆవిడ్ని. ఆ ఒక్కసారి అత్తా అన్నాను. నీ గొంతు పెట్టి అన్నాను. మూడు గుటకలు తాగినాది. 'సీల్డు ఒచ్చినాదేట్రా' అని అడిగినాది. ఒచ్చినాదత్తా అన్నాను. నాకేటి తెలుసు, ఒచ్చినాదో లేదో! నవ్వినాది. అలగే ఉండిపోనాది." కూర్మమ్మ కొంగుతో మూతి ఒత్తుకుంది. "నీ యేసం నానేసినాన్రా ఆ పూట."

గాలికి తలుపు కిర్రుమంది. రోడ్డు మీద లారీలు పోతూనే ఉన్నాయి.

"మరి ఇన్నేళ్ళూ సెప్పనేదేటి పిన్నీ?" అన్నాడు చినబాబు. ఆ అడగడంలో ఏడుపే ఎక్కువ.

"ఎలగ సెప్తాను? నువ్వు పొయ్యాల్సిన నీళ్ళు. నీ పేరెట్టి నాను పోసినాను. కొడుకు లాంటోడి పున్నెం దొంగిలించినట్టే గదా. మర్నాడు నువ్వు సీల్డు అట్టుకుని ఒస్తే నా గుండె ఆగిపోనాది. తలుపు గెడియ ఇసయం మటుకు సెప్పి, మిగతాది మింగేసినాను. తరవాత నువ్వు ఆట కట్టినావు. ఆకర్న మా యప్ప అన్న మాట అన్నట్టు అన్నావు. మూడు గుటకలు కూడా లెక్క తప్పనేదు. గుమ్మం అవతల ఎవులో ఇని సెప్పీసినారు, ఈడు నన్నే ఎత్తి సూపిస్తన్నాడు అనుకున్నాను. సిగ్గేసి లేసెల్లిపోనాను. మళ్ళా నీ ఆట సూడ్డానికి రానేదు."

"నాకెవులూ సెప్పనేదు పిన్నీ, మా యత్త అయితే అలగే అంటాదని కట్టినానంతే" అన్నాడు చినబాబు.

చెప్పుకుంటే నవ్వొచ్చేటంత చిన్న సంగతి. పక్కపక్క ఇళ్ళు, మోకాలెత్తు గోడ. అటువైపు ఒకామె వీడు నన్ను క్షమించలేదనుకుంది. ఇటువైపు ఒకడు ఆవిడ నన్ను క్షమించలేదనుకున్నాడు. ఇరవై ఏడేళ్ళు ఇద్దరూ పప్పూ ఉప్పూ ఇచ్చిపుచ్చుకుంటూనే ఉన్నారు. చినబాబు అరుగు దిగి, ఆవిడ కాళ్ళ దగ్గర కూర్చుని, ఆ ఎండిన పాదాల మీద తల పెట్టి ఏడ్చాడు. అత్త పోయినరోజున కూడా అలా ఏడవలేదని కూర్మమ్మ తర్వాత ఊళ్ళో చెప్పింది.

యమున మడిచిన కాగితాలు విప్పి, ఆఖరి పేజీ తీసి, నాలుగు మడతలు పెట్టి సంచిలో దోపుకుంది.

"మామ్మా, ఆ గడప ఇంకోసారి దాటుతావా?" అంది.

"నాకు యేసాలు రావమ్మా."

"ఒకసారి వేశావు కదా."

కూర్మమ్మ ఆ పిల్ల వంక కాసేపు చూసింది. ఈ పిల్ల అడుగుతున్నది సినిమా కోసం ఒక్కటే కాదని ఆవిడకి తెలిసినట్టే ఉంది. తండ్రి సంగతి ఆవిడకి ఎవరూ చెప్పలేదు. ముసలివాళ్ళకి కొన్ని చెప్పనక్కర్లేదు.

సాయంత్రం నాలుగింటికి తీశారు. చినబాబు తెల్లచీరలో తాయారై నేల మీద పడుకున్నాడు. నవీన్ కిటికీకి దుప్పటి కట్టి లోపల చీకటి చేశాడు. కూర్మమ్మకి ఏం చెయ్యాలో యమున చెప్పలేదు. నీళ్ళు తెమ్మని మాత్రం చెప్పింది. అదృష్టం, ఆ ఐదు నిమిషాలూ రోడ్డు మీద ఒక్క లారీ కూడా రాలేదు.

వెలుతురు వీపున వేసుకుని ఒక మనిషి గుమ్మంలో నిలబడింది. మొహం కనబడటం లేదు. చినబాబు ఇన్నేళ్ళూ ఎడమపక్క తెర దగ్గర ఖాళీని చూసి పలికిన మాట, మొట్టమొదటిసారి మనిషిని చూసి పలికాడు.

"ఒచ్చినావురా సినబాబూ."

"ఒచ్చినానత్తా" అంది కూర్మమ్మ.

గడప దాటి, ఒక చేత్తో గోడ పట్టుకుని, మెల్లిగా వంగి చెంబు అతని నోటికి అందించింది. ఇత్తడి చెంబులో నీళ్ళు. ఇన్ని వందల ప్రదర్శనల్లో ఎప్పుడూ లేని నీళ్ళు, చల్లగా. చినబాబు తాగాడు. రెండు గుటకలు లోపలికి వెళ్ళాయి. మూడోది గొంతుకి అడ్డం పడి, నీళ్ళు గడ్డం మీదుగా చీర మీదకి కారిపోయాయి. కూర్మమ్మ కొంగుతో అతని మూతి తుడిచింది. అది ఎవరూ చెప్పలేదు. ఆ రోజు కూడా అలాగే తుడిచిందేమో.

నవీన్ ఇంకోటి చేద్దామనలేదు.

కెమెరా సర్దుకుని వాళ్ళు బయల్దేరేసరికి పొద్దు వాలింది. యమున కారెక్కబోతూ వెనక్కి తిరిగి కూర్మమ్మ దగ్గరికొచ్చి, ఆవిడ చెయ్యి పట్టుకుని, "మా నాన్నకి కూడా ఎవరో ఒకరు పోసే ఉంటారు మామ్మా" అంది. కూర్మమ్మ ఆ పిల్ల చెయ్యి చాలాసేపు వదల్లేదు.

అందరూ వెళ్ళాక చినబాబు కూర్మమ్మని ఇంటిదాకా దిగబెట్టాడు. మంచం వాల్చి, తాగడానికి నీళ్ళు పక్కన పెట్టి, గుమ్మం దగ్గరికొచ్చి ఆగాడు. అలవాటైన మాట నోటిదాకా వచ్చింది. దాన్ని మింగాడు.

"ఒస్తాను పిన్నీ" అన్నాడు.

కూర్మమ్మ మంచం మీదనుంచి తలెత్తింది. "ఎప్పుడొస్తావు?"

"రేపు పొద్దున్నే."

మర్నాడు ఊడ్పులకి కూలీలు వస్తారు, పొలానికి తెల్లారకముందే వెళ్ళాలి. చినబాబు ముందు కూర్మమ్మ ఇంటికి వెళ్ళాడు. తలుపు తట్టబోతే దానంతటదే తెరుచుకుంది. ఆవిడ రాత్రి గెడియ వేసుకోలేదు.